అమ్మడు సంతకం

వేరావల్,
24 ఆగస్టు 2015

అప్ప అమ్మడుకి తమ్ముడు గంగులు రాసేది.

నీ ఉత్తరం అందింది. దీంతో పదకొండు అయ్యాయి. అన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బోటులో బియ్యం డబ్బా మీద పెట్టుకున్నాను. ఫోన్లో మాట గాలికి పోతుంది. ఉత్తరం అలా కాదు, సముద్రం మీద ఇరవై రోజులున్నా మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. బోటులో మన వాళ్ళు తొమ్మిది మంది. "ఎవలు రాసారురా?" అని అడిగితే "మా అప్పే, సొంత సేత్తో" అని చెబుతాను. నన్ను పదో తరగతి దాకా చదివించడానికి నెత్తిన చేపల గంప మోసిన మనిషివి, నలభై ఏళ్ళకి పలక పట్టి అక్షరాలు నేర్చావంటే వాళ్ళు నమ్మరు. ఒకటే గమ్మత్తు. ఇంట్లో "ఏటిరా" అనేదానివి, కాగితం మీద "ఏమిరా" అంటావు. నీ ఉత్తరం రేడియోలో వార్తల్లా ఉంటుంది. చదువు వస్తే మనిషి మారిపోతాడన్నమాట!

అసలు సంగతి. అమ్మకి చెవి మిషను కొన్నాను, ఇంటర్నెట్‌లో. మా బోటు సేఠ్ దగ్గర గుమస్తా కంప్యూటర్లో చూసి తెప్పించాడు. డబ్బు ముందే కట్టేశాను. నేను ఊరికి వచ్చీ, అమ్మ నా గొంతు వినీ రెండేళ్ళయింది. ఫోన్ చేస్తే "అలో, ఎవలు?" అంటుంది, ఎంత అరిచినా మళ్ళీ అదే మాట. చివరికి నా పెళ్ళాం రాణి ఫోన్ లాక్కుని మాట్లాడుతుంది.

మన పేటకి కొరియర్ రాదట. అందుకని మీ గరివిడి ఇంటికి పంపమన్నాను. చిరునామాలో బావ పేరు రాయించాను: నాగబాబు, చేపల బజారు వెనక వీధి. బావ సాలూరు లారీల మీద తిరుగుతుంటాడు కాబట్టి నువ్వే చూసుకోవాలి. పది రోజుల్లో వస్తుంది. రాగానే అమ్మకి ఇచ్చిరా. చెవిలో నువ్వే పెట్టు, రాణికి భయం.

తాడు లాగుతుంటే ఎడమ బొటనవేలు తెగింది. చిన్నప్పుడు నీ కత్తిపీట కింద పెట్టిన వేలే. పాత గాటు అడ్డంగా అలాగే ఉంది, దాని కింద ఇది కొత్తది. రేపు బోటు కదులుతుంది.

నీ తమ్ముడు
గంగులు

*

గరివిడి,
12 సెప్టెంబర్ 2015

చిరంజీవి గంగులుకి అప్ప ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నీ వేలికి పసుపు పెట్టి కట్టు. ఆ కత్తిపీట రోజున నీకంటే నేనే ఎక్కువ ఏడ్చాను. వేలు ఊడిపోయిందనుకున్నాను.

మిషను రాలేదు. వారం రోజులు బజారుకి వెళ్ళకుండా గుమ్మంలోనే కూర్చున్నాను. ఎండుచేపల బుట్ట కూడా వాకిట్లోనే పెట్టుకుని అమ్మాను. మా వీధికి ఏ కొరియర్ మనిషీ రాలేదు. ఎదురింటి రాజకుమారి మీసేవలో పని చేస్తుంది. నువ్వు ఫోన్లో చెప్పిన పార్సెల్ నంబరు కొట్టి చూసింది. సెప్టెంబర్ మూడున "అందజేశాము" అని ఉందట. ఎవరికి అందజేశారో లేదు. 

మొన్న అమ్మను చూడటానికి పేటకి వెళ్ళాను. నేను బస్సు దిగగానే సంచీ తడిమింది. "తెచ్చావేటే? పెట్టు, పెట్టు" అని చెవి చూపించింది. లేదని చేత్తో చెప్పాను. "రేపు తెస్తావులే" అంది. నీ పేరు చెప్పి ఊరంతా టముకు వేసింది, ఇప్పుడు అందరూ ఆమె చెవి వైపే చూస్తున్నారు.

నువ్వు ఒడ్డుకి రాగానే కంపెనీ వాళ్ళని గట్టిగా అడుగు.

ఇట్లు
నీ అప్ప
అమ్మడు

*

వేరావల్,
30 సెప్టెంబర్ 2015

అప్పకి,

ఒడ్డుకి వచ్చాను. గుమస్తా చేత కంపెనీకి ఫోన్ చేయించాను. మూడు రోజులు తిప్పి, చివరికి డెలివరీ చీటీ ఫొటో పంపారు. తీసుకున్నవారి పేరు దగ్గర ఇంగ్లీషులో అమ్మడు అని సంతకం ఉంది.

నిన్నంతా ఆలోచించాను.

చిరునామాలో బావ పేరే రాయించాను. నీ పేరు ఎక్కడా లేదు. నువ్వు చెప్పకుండా నీ పేరు ఆ కొరియర్ వాడికి ఎలా తెలుస్తుంది? ఇంగ్లీషులో నీ పేరు ఎలా రాయాలో నేనే పలక మీద రాసి ఇచ్చి వచ్చాను. అది కూడా వచ్చేసిందని పోయిన ఏడు నువ్వే రాశావు.

ఇంకో మాట కూడా చెప్పేస్తాను, కడుపులో పెట్టుకుంటే కుళ్ళిపోతుంది. రాణి మీ ఇంటికి వచ్చినప్పుడు మీ అత్త గురమ్మ చెవిలో మిషను చూసిందట. "పెద్దావిడికి బాగా ఇనపడతన్నాదండి, నాను గుమ్మం కాడ దగ్గితే లోపల్నుంచి పలికింది" అని ఫోన్లో చెప్పింది. మీ అత్తకీ చెవుడని నాకు తెలుసు. ఆమె నిన్ను ఎంత సాధిస్తుందో కూడా తెలుసు. ఆమె నోరు మూయించడానికి ఇచ్చి ఉంటే ఇచ్చానని చెప్పు. అమ్మకి ఇంకోటి కొంటాను. అబద్ధం మాత్రం చెప్పకు.

గంగులు

*

గరివిడి,
14 అక్టోబర్ 2015

గంగులుకి,

నీ ఉత్తరం విన్నాను. రెండుసార్లు విన్నాను. (చదివాను అని వ్రాయవలసింది.)

మా అత్త చెవిలో ఉన్నది శ్రీకాకుళంలో ఉచిత శిబిరంలో ఇచ్చినది. జూలైలో నేనే ఆమెను తీసుకువెళ్ళి మధ్యాహ్నం దాకా వరుసలో నిలబడ్డాను. అమ్మను కూడా రమ్మని కబురు పెడితే, "నా కొడుకు కొంటాడు, నాకు దానం మిషనెందుకు" అని రాలేదు. రాణి చూసింది గాని అడగలేదు. అడిగితే చెప్పేదాన్ని. నువ్వూ అడగలేదు, తీర్పు చెప్పేశావు.

ఆ సంతకం నాది కాదు. ఇంతకంటే చెప్పను.

రాజకుమారి వినియోగదారుల హెల్ప్‌లైనుకి ఫోన్ చేసింది. కొన్నవాడి చేతికో, కొన్నవాడు చెప్పిన మనిషి చేతికో చేరేదాకా వస్తువు పూచీ అమ్మినవాడిదేనట. "చీటీలో పేరుంది" అంటే చాలదట, ఆ మనిషికే ఇచ్చామని వాళ్ళే చూపించాలట. విజయనగరంలో వినియోగదారుల ఫోరం ఉంది. తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు, వకీలు లేకపోయినా పరవాలేదట. కాకపోతే కొన్నది నువ్వు. బిల్లు కాగితమూ, "నా తరఫున మా అప్ప వస్తుంది" అని నీ సంతకంతో ఒక కాగితమూ కావాలి. ఆ రెండూ పంపు.

అమ్మడు

*

వేరావల్,
8 నవంబర్ 2015

అప్పకి,

శిబిరం సంగతి రాణిని అడిగాను. అది నిజమేనని పేటలో ఇద్దరు చెప్పారట. అంతవరకూ నాదే తప్పు. మన్నించు.

కానీ సంతకం సంగతి తేలలేదు. అర్థం చేసుకో. నేను ఆ కాగితం పంపి, నువ్వు విజయనగరంలో కోర్టు ఎక్కి, ఆ సంతకం నీదేనని తేలితే మనం ఏమవుతాం? తమ్ముడి సొత్తు అక్క తిన్నదని పేటలోనూ, గరివిడిలోనూ చెప్పుకుంటారు. అమ్మ చెవిటిదే గాని గుడ్డిది కాదు, ముఖాలు చూసి అన్నీ తెలుసుకుంటుంది.

ఒక పని చెయ్యి. తెల్లకాగితం మీద నీ పేరు ఇంగ్లీషులో పదిసార్లు రాసి పంపు. చీటీలో ఉన్నదానితో పోల్చి చూస్తాను. తేడా ఉంటే ఆ రోజే కాగితం పంపుతాను, నీ కాళ్ళకి దణ్ణం పెడతాను. రెండు నిమిషాల పని.

గంగులు

*

గరివిడి,
26 నవంబర్ 2015

గంగులుకి,

వ్రాసి పంపను.

నువ్వు పుట్టినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ మర్నాడే చేపలకి వెళితే నిన్ను చంకనెత్తుకున్నది నేను. నాకు పరీక్ష పెడతావా? నేను పెట్టిన అన్నం ఎన్నిసార్లో రాసి పంపమని నిన్ను ఎప్పుడైనా అడిగానా?

అమ్మ సంగతి విను. మొన్న మంగళవారం ఒడ్డుకి చేపలకి పోతూ ఐసు లారీ వెనక నిలబడింది. డ్రైవరు హారన్ కొట్టి వెనక్కి తీశాడు. అందరూ అరిచారు. ఆమెకి వినపడలేదు. జగన్నాధం మావ రెక్క పట్టి లాగాడు కాబట్టి మనిషి దక్కింది. మోకాలు చితికింది, పది కుట్లు వేశారు. నేను వెళ్ళేసరికి మంచం మీద ఉంది. "నా కొడుకు పంపిన మిషను దారిలో ఉన్నాది, అది వస్తే ఇలగవ్వదు" అని నర్సుకి చెబుతోంది.

నన్ను నమ్మితే నమ్ము, లేకపోతే మానెయ్యి. అమ్మ కోసం ఆ కాగితం పంపు. రెండేళ్ళలోగా ఫిర్యాదు చేయవచ్చని రాజకుమారి అంటోంది. రెండేళ్ళు అమ్మ లారీల మధ్య తిరగాలా?

అమ్మడు

*

వేరావల్,
19 డిసెంబర్ 2015

అప్పకి,

కాగితం పంపుతున్నాను. ఫిర్యాదు గుమస్తా చేత రాయించి, దాని మీదా, దీని మీదా సంతకాలు చేశాను. బిల్లు జత చేశాను. ఇది అమ్మ కోసం.

పదిసార్లు పేరు రాయమంటే ఎందుకు రాయలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తప్పు లేనివాళ్ళు రాసి ముఖాన కొడతారు. బోటులో నీ ఉత్తరాలు ఎవరికీ చదివి వినిపించడం లేదు. "మీ అప్ప రాయలేదేటిరా?" అని అడుగుతున్నారు.

ఫోరంలో నిన్ను సంతకం అడగకుండా ఉండరు. అప్పుడు అందరి ముందూ తేలుతుంది. అక్కడిదాకా వెళ్ళకముందే ఏమైనా చెప్పాలనుకుంటే చెప్పు. జనవరి పదో తారీఖు దాకా ఒడ్డునే ఉంటాను.

గంగులు

*

గరివిడి,
5 మార్చి 2016

ఒరే గంగులూ,

ఈ ఉత్తరం నాను సెప్పింది సెప్పినట్టు రాయమన్నాను రాజకుమారిని. "అత్తా, బాగోదు, కొంచెం సరిసేస్తాను" అంది. వద్దన్నాను. ఇన్నాళ్ళూ సరిసేసిందే సాలు.

నీకొచ్చిన పదకొండు ఉత్తరాలూ, ఆ మీదటివీ ఇదే రాసింది. నాకు సదువు రాదు. ఏనాడూ రాలేదు.

నువ్వు ఎల్తూ ఎల్తూ పలక కొనిచ్చి, వచ్చే ఏటికి నీ సేతి ఉత్తరం రావాల అన్నావు. సాయంత్రం బడికి నాలుగు రోజులు ఎల్లినాను. అప్పటికి బజారు నుంచి వచ్చి నడుం ఇరిగిపోయి ఉంటాది. అ ఆలు కళ్ళ ముందు సీమల్లాగ పాకేవి. ఒగ్గేసినాను. మొదటి ఉత్తరం నవ్వులాటకి రాజకుమారి సేత రాయించి, నానే రాసానని పెట్టమన్నాను. నువ్వు అది సదివి ఏడ్సేనని, బోటు మీద అందరికీ సూపించేనని రాసావు. ఇంకేటి సెప్పేది? ఒక ఉత్తరం, ఇంకో ఉత్తరం, అలాగ పెరిగిపోనాది. ఇంగ్లీసులో పేరు కూడా వచ్చేసిందని రాయించినాను, అది నా పొగరు.

నువ్వు ఆ సంతకం నాదేనన్నప్పుడు "నాకు రాదురా" అని ఒక్క మాట అంటే అయిపోయేది. దొంగ అన్నా పడ్డాను గానీ, రాదు అని సెప్పలేకపోనాను. పదిసార్లు రాయమన్నప్పుడు రాజకుమారి "నాను రాసేస్తానత్తా" అంది. దాని సెంప మీద ఒకటి ఇచ్చినాను పాపం.

ఫోరం సంగతి ఇను. మొన్న మార్చి రెండున పిలిచినారు. మీ బావ లారీ మానుకుని వచ్చినాడు. నా సంచీలో డ్వాక్రా పుస్తకం పెట్టుకుని ఎల్లినాను. బయటికి తీద్దునా వద్దా అని అప్పటికీ తెలీదు. కంపెనీ తరపున నల్ల కోటాయన లేచి, "ఈవిడ తమ్ముడే మాకు మెయిలు పంపారు, ఇది మా అక్క సంతకంలాగే ఉంది, ఆమె చదువుకున్న మనిషి అని" అని సదివినాడు. మీ బావ నా ఎంక సూడలేదు, పైకి ఫ్యాను ఎంక సూసినాడు.

పెసిడెంటు గారు, "ఏమ్మా, ఈ సంతకం నీదేనా?" అన్నారు. నాను పుస్తకం తీసి బల్ల మీద పెట్టినాను. "బాబూ, నా సంతకం ఇదీ" అన్నాను. ఏడేళ్ళ పుస్తకం, నెలకొక ఏలిముద్ర. తిప్పినారు, తిప్పినారు. అన్నీ ఏలిముద్రలే. "మరి చదువుకున్నావని తమ్ముడు రాశాడే?" అన్నారు. "నానే అలాగ సెప్పినాను బాబూ. నా తమ్ముడు నమ్మినాడు. ఆడి తప్పు ఏటీ లేదు" అన్నాను. అక్కడ శానా మంది ఉన్నారు. అందరూ ఇన్నారు.

అప్పుడు కొరియర్ కుర్రోణ్ణి పిలిచినారు. మెడ ఒంచుకుని సెప్పినాడు. ఆ రోజు మా ఈది మొదట్లో ఒక ఆడగుంట నిలబడి ఉన్నాదట. ఈడు బండి దిగకుండా, "అమ్మడూ, నాగబాబు గారి ఇల్లు ఎక్కడ?" అన్నాడట. "మాదే, ఇలగియ్యి" అన్నాదట ఆ గుంట. ఇచ్చేసినాడు. సంతకం సెయ్యకుండా పారిపోనాది. సీటీ మీద పేరు రాయాల కదా, తను పిలిచిన పేరే రాసేసినాడు. ఆడపిల్ల కనపడితే అమ్మడూ అని పిలవనోడు మనకాడ ఎవడున్నాడు? ఆ గుంట ఎవలో ఇప్పటికీ తెలీదు. నా పేరు అలగ ఎక్కింది కాగితం మీద.

ఎవల సేతికి ఇచ్చారో సూసుకోకుండా ఇచ్చేసి, ఇచ్చినాం అంటే కుదరదన్నారు పెసిడెంటు గారు. కొత్త మిషను పంపమన్నారు, తిప్పినందుకు కర్సులు కూడా ఇమ్మన్నారు. మర్నాడే పంపినారు. ఇసాపట్నం నుంచి ఒకాయన వచ్చి, నా ముఖం సూసి, పేరడిగి, ఏలిముద్ర ఏయించుకుని మరీ ఇచ్చినాడు.

నిన్న పేటకి ఎల్లి అమ్మ సెవిలో పెట్టినాను. సముద్రం కేసి తిరిగి కూకుంది. తర్వాత, "ఓలమ్మ, ఈ సముద్రం ఇంత గోల సేస్తాదేటే!" అంది. ఫోన్ సెయ్యి. నీ గొంతుకి సెవి అప్పగించి ఉన్నాది.

నా మీద కోపం ఉంటే ఉండనీ. నీ బోటు మీద అందరికీ సెప్పెయ్యి, మా అప్పకి సదువు రాదని. ఇంక దాయకు. నాకు సిగ్గు తీరిపోనాది.

ఇదిగో నా సంతకం. కింద నీలం సిరా ముద్ర నాది.

(ఎడమ బొటనవేలి ముద్ర)

*

వేరావల్,
27 మార్చి 2016

రాజకుమారమ్మకి,

ఇది మా అప్పకి గట్టిగా చదివి వినిపించు. మధ్యలో ఆమె లేచి వెళ్ళిపోతే, రెక్క పట్టి కూర్చోబెట్టి చదువు. నిన్ను కొట్టినందుకు ఆమె బదులు నేను క్షమాపణ అడుగుతున్నాను.

అప్పా, ఆ మెయిలు నేనే రాయించాను. చీటీ చూసిన కోపంలో గుమస్తాకి చెప్పాను, వాడు ఇంగ్లీషులో పెట్టాడు. తర్వాత మర్చిపోయాను. నువ్వు అది జనం మధ్య నిలబడి విన్నావు. విని కూడా తమ్ముడి తప్పు లేదన్నావు.

అమ్మతో మాట్లాడాను. "గంగులూ, నీ గొంతు ముసలోడి గొంతైపోనాదేటిరా" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆ తర్వాత నిన్ను తలుచుకుంటే ఏడుపే మిగిలింది.

నీకు సిగ్గు తీరిపోయిందన్నావు. నాది తీరలేదు. చదువు రాలేదని తెలిస్తే నేను తక్కువగా చూస్తానని నీకు అనిపించిందంటే, అది నా వల్లే. పలక ఇచ్చి, "చేతి ఉత్తరం రావాలి" అని హుకుం వేసి పోయాను. నువ్వు బజారు నుంచి ఎన్నింటికి వస్తావో, తిన్నావో లేదో అడగలేదు.

నీ ఉత్తరం బోటులో అందరికీ చదివాను, ఏమీ దాయకుండా. ఎవరూ నవ్వలేదు. చినబాబు మావ అయితే "ఇదిరా అసలైన ఉత్తరం, ఇన్నాళ్ళూ సదివినవన్నీ రేడియో" అన్నాడు. ఇకమీదట ఇలాగే రాయించు. ఏటి అంటే ఏటి అనే ఉండాలి.

జూన్‌లో బోట్లు ఆగిపోతాయి. ముందు గరివిడి వస్తాను, ఆ తర్వాతే పేటకి.

రాజకుమారమ్మా, చదవడం ఇక్కడితో ఆపు. నా పేరు రాయడం లేదు, కింద ఎడమ బొటనవేలు పెట్టాను. కాగితం మా అప్ప చేతికి ఇవ్వు. ముద్రకి అడ్డంగా ఒక గీత ఉంటుంది. ఎవరిదో ఎవరూ చదివి చెప్పక్కర్లేదు, మా అప్పకి తెలుసు.

(ఎడమ బొటనవేలి ముద్ర)